నీలి గ్లాసుల మీద తిరుగుబాటు

ఆ సోమవారం పొద్దున తొమ్మిదో తరగతికి అమెరికా విప్లవం పాఠం చెప్పాను. అదే రోజు సాయంత్రం చర్చి కమిటీలో కూర్చుని, ఎవరినీ అడగకుండా, మా సంఘంలోని ఆడవాళ్ళందరి మీదా ఒక కొత్త నియమం పెట్టించాను. ఈ రెంటికీ మధ్య ఒక చాయ్ తాగాను. ఆ చాయ్ తాగుతున్నప్పుడు కూడా నాకేమీ తట్టలేదు.

నేను నారాయణఖేడ్ దగ్గర ఒక సర్కారు బడిలో సోషల్ సారుని. ఖేడ్‌లో మిషన్ కాలంలో కట్టిన చర్చి ఒకటి ఉంది. మా తాతల నాటి నుంచి మేము అక్కడి సభ్యులం. నేను సంఘ కమిటీకి కార్యదర్శిని కూడా. బుద్ధి తెలిసినప్పటి నుంచి వాక్యం వింటూ పెరిగినవాణ్ణి కాబట్టి, చరిత్రలో ఏ పాఠం తీసినా లేఖనాల్లో దానికి ఒక జత దొరుకుతుంది నాకు. అమెరికా పాఠానికి జత, జ్ఞాని అయిన రాజు కొడుకు కథ. తండ్రి చనిపోయాక జనమంతా ఆ కొడుకు దగ్గరికి వచ్చారు. మీ నాన్న మా మెడ మీద పెట్టిన కాడి బరువుగా ఉంది, కొంచెం తేలిక చేస్తే నీకు సేవ చేసుకుంటాం అన్నారు. ముసలి మంత్రులు వాళ్ళతో మెల్లగా మాట్లాడమన్నారు. ఆయన తన ఈడు స్నేహితుల మాట విని, మా నాన్నకన్నా ఎక్కువ బరువు పెడతానన్నాడు. పన్నెండు గోత్రాల్లో పది గోత్రాలు లేచి వెళ్ళిపోయాయి. వెట్టిపనుల మీది అధికారిని వాళ్ళ దగ్గరికి పంపితే రాళ్ళతో కొట్టి చంపారు.

మా బడిలో ఎక్కువమంది హిందువుల పిల్లలే అయినా ఆ రాజు కథ వాళ్ళకు కంఠతా వచ్చు. "సారూ, పరీక్షల గా రాజు మీద ప్రశ్న రాదు, జర యాది పెట్టుకో" అంటాడు మా హెడ్మాస్టరు.

ఆ రోజు పాఠం మాత్రం బాగా చెప్పాననే అనుకున్నాను. యుద్ధం చేసి ఖజానా ఖాళీ చేసుకున్న ఇంగ్లండు, సముద్రం అవతల ఉన్న తన వలసల మీద పన్నులు వేసింది. రాసే ప్రతి కాగితం మీదా ముద్ర ఉండాలంది. ఆ పన్నులు వేసే సభలో వలసలవాళ్ళ తరఫు మనిషి ఒక్కడూ లేడు. మనవి పత్రాలు పంపుకుంటే రాజు తిప్పికొట్టాడు. చివరికి తేయాకు ధర తగ్గించి మరీ అమ్మబోయినా వాళ్ళు కొనలేదు, పెట్టెలకు పెట్టెలు సముద్రంలో పారేశారు. "చవకగా వస్తుంటే ఎందుకు పారేశారు?" అని నేనే అడిగి, నేనే జవాబు చెప్పాను. "ఎక్కువ తక్కువ సంగతి కాదు పిల్లలూ. తమను అడగలేదని." అడగలేదు అన్న మాట బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు కొట్టాను.

ఇప్పుడు మా గుప్పెడు బియ్యం సంగతి చెప్పాలి. మా సంఘంలో ప్రతి ఇంటి ఆడమనిషీ అన్నం వండే ముందు, బియ్యం కడగకముందే, ఒక గుప్పెడు తీసి పొయ్యి పక్కన దేవుని డబ్బాలో వేస్తుంది. రోజుకు రెండు పూటలు. ఆదివారం ఆ డబ్బా తెచ్చి చర్చిలో బస్తాలో పోస్తారు. ఏడాదికోసారి కోత పండుగ నాడు సిర్గాపూర్ వైపు పల్లెల నుంచి కూడా విశ్వాసులు ఆటోలు కట్టించుకుని వస్తారు. అందరికీ ఆ బియ్యంతోనే భోజనం. మా నాయనమ్మ కాలంలో గుప్పెడు జొన్నలు వేసేవారట. ఇప్పుడు బియ్యం.

చిక్కు కిందటేడు పండుగ దగ్గర వచ్చింది. కొందరు సన్నబియ్యం, కొందరు దొడ్డుబియ్యం తెచ్చారు. అన్నీ ఒకే బస్తాలో కలిశాయి. దేగిసలో సగం అన్నం మెత్తగా జావ అయింది, సగం పలుకు మీదే ఉండిపోయింది. పల్లెల నుంచి వచ్చిన ఒక ముసలాయన నమలలేక, "ప్రభువు పళ్ళున్న కాలంల పిలిస్తే బాగుండు" అన్నాడు. కమిటీకి ఆ మాట ఏడాదంతా గుచ్చుకుంది.

అందుకే ఆ సోమవారం కూర్చున్నాం. మా కమిటీలో పాస్టరయ్యగారితో కలిపి ఆరుగురం, ఆరుగురమూ మగవాళ్ళమే. అది కావాలని చేసింది కాదు, ఎప్పుడూ అలాగే ఉంది. అందరికన్నా గట్టి గొంతు బస్సు డిపోలో పనిచేసి రిటైరైన కండక్టర్‌ది. నాకు వరసకు మామ.

"బస్సెక్కినోళ్ళందరికీ ఒక్కటే టికెట్" అన్నాడు మామ. "గుప్పెడంటే ఎవల గుప్పెడు? ఒకామె చెయ్యి చాటంత ఉంటది, ఒకామెది చెంచంత ఉంటది. ఒక కొలత ఉండాలె."

కొలత ఆలోచన నాదే. ఇంటికొక గ్లాసు ఇద్దాం, వారానికి ఒక గ్లాసు సన్నబియ్యం, అంతే అన్నాను. ఇంట్లో మా ఆవిడ వారం గుప్పెళ్ళు కొలిచి చూశాను కూడా. గ్లాసుకు రెండింతలున్నాయి. అంటే మేము సగం తగ్గిస్తున్నామన్నమాట. కొందరు మరిచిపోతుంటారు కాబట్టి, అందరూ తప్పక తెస్తే పండుగకు సరిపోతుంది.

"ఆడోళ్ళు ఏమంటరో" అని ఎవరో గొణిగారు.

"ఏమంటరు, సగం తక్కువైతే సంతోషపడ్తరు" అన్నాడు మామ.

అప్పుడు పాస్టరయ్యగారు, "ఒకసారి వాళ్ళను కూడా" అని మొదలుపెట్టారు. మామ గడియారం చూసి, "ముగింపు ప్రార్థన చేద్దాం అయ్యగారూ" అన్నాడు. ఆయన కళ్ళు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను.

బజారులో నీలిరంగు ప్లాస్టిక్ గ్లాసులు అరవై కొన్నాను. ఎవరి ఇంటి గ్లాసులతో కలిసిపోకుండా ఒక్కో దాని మీద సిలువ గుర్తు, 'సంఘ కొలత' అన్న అక్షరాలు ఉన్న స్టిక్కర్ అంటించాను. సోమవారం కాగితాల మీద ముద్రల గురించి పాఠం చెప్పిన చేతులతోనే, రెండు సాయంత్రాలు కూర్చుని అంటించాను. ఆదివారం ఆరాధన అయ్యాక ముందుకు వచ్చి, ఒక గ్లాసు పైకెత్తి చూపించి నియమం చదివాను. "అమ్మా, జూసా?" అని ఒక చిన్నపిల్ల అడగడం తప్ప ఇంకే మాటా వినపడలేదు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. దాన్ని నేను సమ్మతి అనుకున్నాను.

ఇంటికి పోతుంటే బండి వెనక మా ఆవిడ మూగగా కూర్చుంది.

"ఏం మాట్లాడవేంది?" అన్నాను.

"మాట్లాడమని మమ్ముల ఎవరన్న అడిగిండ్రా?"

మరుసటి ఆదివారం ఆడవాళ్ళు గ్లాసులు తెచ్చారు. ఒక్కరూ ఎదురు చెప్పలేదు. బస్తా దగ్గరికి ఒక్కొక్కరే వచ్చి, గ్లాసు అంచు మీద చూపుడువేలు అడ్డంగా పెట్టి, పైకున్న గింజల్ని తమ సంచిలోకే గీసుకుని, సమానంగా ఉందో లేదో కన్ను దగ్గర పెట్టి చూసి, అప్పుడు పోశారు. ఒకామెకు రెండు గింజలు తక్కువ అనిపించి, సంచిలోంచి వెతికి రెండు గింజలు తీసి వేసింది. ఇదంతా భక్తిగా, తలవంచుకుని. కానుకల పాట మూడుసార్లు పాడినా వరస తరగలేదు. పాటలవాళ్ళ గొంతులు బొంగురుపోయాయి. బస్తా సగం కూడా నిండలేదు. మరిచిపోయేవాళ్ళు తెచ్చింది కన్నా, పొంగించి పోసేవాళ్ళు మానుకున్నది ఎక్కువని అప్పుడు తెలిసింది.

"నియమం ప్రకారమే ఇచ్చిండ్రు గదా" అన్నాడు మామ. అన్నాడేగాని బస్తా వైపు చూడలేదు.

ఆ రాత్రి అన్నం దగ్గర నేను వాక్యం తీశాను. అది నా తప్పు. మా ఆవిడ పెండ్లికి ముందు సండే స్కూల్ టీచర్.

"రాజుది రాజుకియ్యమని ప్రభువే చెప్పిండు" అన్నాను.

"గది రాజుకు. నువ్వెప్పుడైనవ్ రాజువు?"

"సంఘం క్రమం అనేది ఒకటుంటది."

"గా బీద విధవరాలు రెండు కాసులు ఏస్తుంటే ప్రభువు ఎదురుంగ కూసోని చూసిండు" అంది మా ఆవిడ, పప్పు వడ్డిస్తూ. "చూసిండు, మెచ్చుకున్నడు. ఆమె చేతికి గ్లాసియ్యలే."

ఎన్నో ఏళ్ళుగా సంఘంలో వాక్యం చెబుతున్నవాణ్ణి నేను. ఆ రాత్రి మాత్రం పప్పు కలుపుకుని తిన్నాను.

తరవాతి కమిటీకి ఆడవాళ్ళు మనవి పెట్టుకోవడానికి వచ్చారు. ముందు నడిచింది మా స్త్రీల కూటం పెద్ద. డెబ్భై దాటిన మనిషి, చెరుకు కోతల్లో గట్టిపడ్డ చేతులు, మైకు అక్కరలేని ప్రార్థన. ఊరంతటికీ ఆమె పెద్దమ్మే. మా మీటింగు లోపల సాగుతూనే ఉంది. మైకు సెట్టు బాగు చేయించాలా, కొత్తది కొనాలా అన్నది తేలడం లేదు. వాళ్ళు వరండాలో నిలబడ్డారు. చివరకు మామ తలుపు సగం తీసి, "పెద్దమ్మా, మీ ముచ్చట వచ్చే నెల కమిటీల పెడ్తం" అన్నాడు.

"మంచిది బిడ్డా" అంది పెద్దమ్మ.

ఆమె 'మంచిది' అన్న తీరు నాకు నచ్చలేదు.

ఆ తరవాతి ఆదివారం ఆడవాళ్ళు అందరికన్నా ముందు వచ్చారు, ఎన్నడూ లేనంత గట్టిగా పాడారు. బస్తా దగ్గరికి మాత్రం ఒక్కరూ రాలేదు. సోమవారం బడికి పోతుంటే దారిపొడుగునా నా నీలి గ్లాసులు కనిపించాయి. కొన్నింటిని అడ్డంగా కోసి కోళ్ళకు నీళ్ళు పెట్టారు. ఒక ఇంటి గోడ మీద ఒకదాంట్లో మిరప నారు మొలిచింది. సాయంత్రం ఇంటికి వచ్చి చూస్తే మా కోళ్ళు కూడా నీలి గ్లాసులోనే తాగుతున్నాయి.

"సిలువ గుర్తున్న గ్లాసుల కోళ్ళకు నీళ్ళా?" అన్నాను.

"గుర్తు ఒలిచే పెట్టిన" అంది మా ఆవిడ. నిజమే. స్టిక్కర్ జాగ్రత్తగా ఒలిచి, నేను రోజూ తల దువ్వుకునే అద్దానికి అంటించింది. ఆ పొద్దు నుంచి నా ముఖం చూసుకున్నప్పుడల్లా నుదుటి మీద 'సంఘ కొలత' అని కనిపించేది.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గాని, లోపల నాకు భయం పట్టుకుంది. ఆడవాళ్ళు బుధవారాలు పెద్దమ్మ ఇంట్లో వేరే ప్రార్థన కూటం పెట్టుకున్నారు. బోరంచ రోడ్డు మీద కొత్తగా వెలిసిన ప్రార్థన మందిరం వాళ్ళు, మా దగ్గరికి రండి అని కబురు కూడా పంపారట. అక్కడ డ్రమ్ములున్నాయి, కీబోర్డుంది, గ్లాసులు లేవు. నా చిన్నప్పుడు మా సంఘం ఒకసారి చీలింది. దేని మీద చీలిందో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. ఒకే గల్లీలో ఉన్న మా అత్త మాతో పదేళ్ళు మాట్లాడలేదన్నది మాత్రం గుర్తుంది. మళ్ళీ అలాంటిది వస్తే, దానికి మొదలు నా గ్లాసే అవుతుంది. నేను ప్రార్థన చేసుకున్నాను. ప్రభువా, వాళ్ళ మనసు మార్చు అని చేసుకున్నాను. ఏ జవాబూ రాలేదు.

జవాబు తొమ్మిదో తరగతి నుంచి వచ్చింది. విప్లవం పాఠం తరవాతి భాగం చెబుతున్నాను. మా సంఘం అమ్మాయి ఒకతె లేచి, "సార్, గా ఇంగ్లండ్ రాజుకు జనాన్ని అడగాలె అని ఒక్కలు గూడ చెప్పలేదా?" అంది.

"చెప్పారమ్మా. ఆయన సభలోనే కొందరు చెప్పారు. ఆయన వినలేదు."

"ఎందుకు సార్?"

"తనదే న్యాయం అనుకున్నాడు. ఖర్చులున్నాయి కదా అనుకున్నాడు."

"మరి మీరు?"

తరగతంతా నవ్వింది. హిందువుల పిల్లలు ఇంకా ఎక్కువ నవ్వారు, వాళ్ళకు కూడా సంగతంతా తెలుసన్నమాట. "నేనేం చేశాను?" అన్నాను.

"నాకు తెల్వది సార్. మా అమ్మ అడగమన్నది."

ఇన్నేళ్ళుగా ఆ రాజు కథ చెబుతూ, నన్ను నేను ముసలి మంత్రుల పక్కన కూర్చోబెట్టుకుంటూ వచ్చాను. ఆ పూట చాక్‌పీసు పట్టుకుని నిలబడితే నా స్థలం ఎక్కడో తెలిసింది. బడి వదలగానే నేరుగా పెద్దమ్మ ఇంటికి పోయాను.

ఆమె గడపలో కూర్చుని చాటలో కందిపప్పు చెరుగుతోంది. మా ఆవిడ కూడా అక్కడే ఉంది. నన్ను చూసి పక్కకు జరిగింది గాని లేవలేదు.

"కూసో బిడ్డా. కమిటీ తరఫున వచ్చినవా, నీ తరఫున వచ్చినవా?"

"నా తరఫునే పెద్దమ్మా. అడగడానికి వచ్చిన. సగం తగ్గించినం గదా, తప్పేంది?"

ఆమె చాట పక్కన పెట్టింది. "గుప్పెడు తీసేటప్పుడు మేమేం చేస్తమో తెల్సా నీకు?"

"డబ్బాల ఏస్తరు."

మా ఆవిడ నవ్వు ఆపుకుంది.

"ఒకల పేరు తల్సుకుంటం" అంది పెద్దమ్మ. "పొద్దున గుప్పెడుకు ఒక మనిషి, మాపటి గుప్పెడుకు ఇంకో మనిషి. దవాఖానల ఉన్నోళ్ళు, హైదరాబాద్ కూలికి పోయినోళ్ళు, పరీక్షలు రాసెటోళ్ళు. పేరు చెప్పి గుప్పెడు ఏస్తం. గీ సంఘంల ఒక్కల పేరు గూడ ఇడువం. నీ నౌకరి పరీక్షప్పుడు మీ అమ్మ నీ పేరు మీద ఎన్ని గుప్పెళ్ళు తీసిందనుకున్నవ్? మీ ఇంట్ల బియ్యం ఒడిసినయ్. నా కాడికొచ్చి అడుక్కపోయింది. ఇగ నువ్వు గ్లాసు ఇచ్చినవ్. వారానికొకసారి ముంచితే అండ్ల ఎవల పేరు చెప్పాలె? ఒక్క మనిషే పడ్తడు."

నలభై ఆరేళ్ళు ఆ అన్నం తిన్నాను. "ఎప్పుడూ చెప్పలేదేంది?" అని మా ఆవిడను అడిగాను.

"అడిగితే గదా" అంది.

"గుప్పెళ్ళు మానలే" అంది పెద్దమ్మ. "మీ బస్తాల పోస్తలేం, గంతే. గా మూలకు చూడు." మూలన బస్తా ఒకటి నిండుగా, మూతి కట్టి ఉంది. "గీ నెల ఎక్కువ గుప్పెళ్ళు కమిటోళ్ళ పేరు మీదనే పడ్డయ్. బుద్ధి రావాలని. కండక్టర్‌వే సగం ఉంటయ్."

"నావి?"

"నీ సంగతి నీ పెండ్లాన్ని అడుగు."

మా ఆవిడ కందిపప్పులో రాయి వెతుకుతూ ఉండిపోయింది.

ఇప్పుడేం కావాలి, కమిటీలో కుర్చీలు కావాలా అని అడిగాను.

"కుర్చీలెందుకు బిడ్డా, చాప మీద కూసుంటం. ఏదన్న చేసే ముందు అడుగుండ్రి, సాలు" అంది పెద్దమ్మ.

"కుర్చీలు గూడ కావాలె" అంది మా ఆవిడ, తల ఎత్తకుండానే. "చాప మీద కూసుంటే మోకాళ్ళు నొస్తయ్."

ఆ వారమే కమిటీని పిలిచాను. గ్లాసు తప్పు నాదని ఒప్పుకున్నాను, నలుగురు ఆడవాళ్ళను కమిటీలోకి తీసుకుందామన్నాను. మామకు కోపం వచ్చింది.

"లేకుంటే ఏం చేస్తరు? నువ్వు చెప్పే రాజు కథల తీరు రాళ్ళతోని కొడ్తరా?"

"కొట్టరు మామా. నీ పేరు మీద ప్రార్థన చేస్తుండ్రు. పెద్దమ్మ ఇంట్ల ఒక బస్తా నిండింది. సగం నీదేనట."

మామ భార్య పోయి రెండేళ్ళయింది. ఇంట్లో గుప్పెడు తీసేవాళ్ళు ఎవరూ లేరు.

"సగమా?" అన్నాడు.

"సగం."

"పిలువుండ్రి వాళ్ళను" అన్నాడు.

బియ్యం చిక్కు పెద్దమ్మ, మా ఆవిడ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చిన మొదటి మీటింగులో ఐదు నిమిషాల్లో తేలిపోయింది. రెండు బస్తాలు పెడదాం, ఒకదాంట్లో సన్నవి, ఒకదాంట్లో దొడ్డువి, దొడ్డుబియ్యం పిండి పట్టిస్తే పండుగకు రొట్టెలైతాయి అన్నారు. మేమంతా దీనికోసం ఏడాది ఆలోచించాం. అయిపోయింది కదా అని నేను రిజిస్టరు మూయబోతుంటే పెద్దమ్మ చెయ్యెత్తింది.

"ఇంకొక ముచ్చట. కోత పండుగ నాడు వండేది మేము, వడ్డించేది మేము, దేగిసలు తోమేది మేము. గీసారి నుంచి తోముడు మగోళ్ళు చెయ్యాలె."

"మమ్మల్ని అడగకుండా ఎట్ల పెడతరు?" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాకే విన్నాను.

"అడుగుతనే ఉన్నం గదా" అంది మా ఆవిడ. "గీడనే కూసున్నవ్ గదా. చెయ్యెత్తు, లేకుంటే ఎత్తకు."

నేను మనసులో లెక్క వేసుకున్నాను. మేము ఆరుగురం, వాళ్ళు నలుగురు. భయం లేదనుకున్నాను. నాలుగు చేతులు లేచాయి. ఆ తరవాత మెల్లగా, ఎవరి వైపూ చూడకుండా, మామ చెయ్యి లేచింది. ఐదుకు ఐదు అయితే పాస్టరయ్యగారి మాట చెల్లుతుంది. అందరం ఆయన వైపు తిరిగాం. ఆయన ఈసారి వాక్యం సగంలో ఆపలేదు. "నేను ఇంట్లో రోజూ తోముతూనే ఉన్నాను" అని చెయ్యెత్తారు.

పండుగ నాడు అన్నం పొడిపొడిగా వచ్చింది, రొట్టెలు మధ్యాహ్నానికే అయిపోయాయి. సిర్గాపూర్ ఆటోలు వెళ్ళిపోయాక, లుంగీలు పైకి కట్టి, నేనూ మామా చర్చి వెనక నల్లా దగ్గర దేగిసల్లోకి సగం దూరి కూర్చున్నాం. బూడిద, కొబ్బరి పీచు, మోచేతుల దాకా నూనె. ఆడవాళ్ళు నీడన కూర్చుని సోంపు నములుతూ చూస్తున్నారు.

"వచ్చే కమిటీల ఇంకింత చిన్న దేగిసలు కొనాలని పెడ్దం" అన్నాడు మామ, లోపలి నుంచి. గొంతు బావిలోంచి వచ్చినట్టు వచ్చింది.

"పెడ్దం మామా. చేతులెత్తమని అడుగుదం."

"ఎత్తుడా లేదా గప్పుడు చూద్దం" అంది మా ఆవిడ నీడలోంచి. "ముందుగాల గా అడుగు గీకుండ్రి."